అమావాస్య సర్వీసింగు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. మెషీన్‌తో పాటు వచ్చిన పుస్తకంలో రాసినట్టు చేస్తే మెషీన్ బాగుంటుంది, మెషీన్ బాగుంటే యజమాని బాగుంటాడు, యజమాని బాగుంటే నా ఉద్యోగం బాగుంటుంది అని. ఇందులో మొదటి ముక్క ఒక్కటే నిజమని తెలిసేసరికి నాకు చుక్కలు కనిపించాయి. అప్పటికి డిప్లొమా చేతికొచ్చి ఎంతో కాలం కాలేదు. మౌలాలి దాటాక రేకుల షెడ్లు వరసగా ఉండే చోట ఒక వర్క్‌షాపులో మెయింటెనెన్స్ ట్రైనీగా చేరాను. అక్కడ ఉన్నదల్లా ఒక్క పెద్ద మెషీన్. కంప్యూటర్ చెప్పినట్టు తనంతట తాను ఇనుము చెక్కే రకం. దాన్ని కనిపెట్టుకుని ఉండడం, పాడవకముందే కడిగి తుడిచి నూనె పోయడం నా పని. కాగితం మీద అంతే. (కాగితం మీద ఏ పనైనా అంతే అనుకోండి.)

ఈ ఉద్యోగం అమ్మకు ససేమిరా ఇష్టం లేదు. అమ్మది గుంటూరు వైపు. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చినప్పటి నుంచీ మా బోయిగూడ ఇంటికి దగ్గర్లోనే మిషన్ స్కూల్లో టీచరు. ఆ స్కూలు ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ ఉందనీ, దాని మీద నేను కూర్చుంటే తన జన్మ ధన్యమనీ ఆమె అభిప్రాయం. "ఆడపిల్లవి, రెండు బస్సులు మారి ఆ ఇనప కొట్టాల్లోకి వెళ్లడం ఏంటే? పక్కన ఫ్యాను, ముందు టేబులు, మధ్యాహ్నం ఇంటికొచ్చి భోజనం. ఏం తక్కువ నీకు?" అనేది. చివరికి ఒప్పందం కుదిరింది. ట్రైనింగు పూర్తయ్యేలోగా వాళ్లు నన్ను పర్మనెంట్ చేస్తే సరే, లేకపోతే మారు మాట్లాడకుండా ఆ కుర్చీలో కూర్చోవాలి. నాకేమో ఆ కుర్చీని తలుచుకుంటేనే గుండెల్లో రాయి పడేది. హాజరు పట్టీలు, ఫీజు రసీదులు! అమ్మ బాబోయ్, అంతకంటే జైలు నయం.

మా యజమానిని అందరం చాటుగా షురూ సార్ అనేవాళ్లం. పొద్దున షెడ్డులో అడుగు పెడుతూనే "షురూ చెయ్యుండ్రి" అనేవాడు. టీ తాగాక షురూ, అన్నం తిన్నాక షురూ, ఎవరికైనా కడుపు నొప్పి అంటే గోలీ వేసుకుని మళ్లీ షురూ. మనిషి చాలా మంచివాడు, కానీ ఆపడం అనే మాట ఆయన చెవికి ఎక్కేది కాదు. నా ఉద్యోగమేమో మెషీన్ ఆపితే తప్ప మొదలు కానిది. ఇంక మా ఇద్దరికీ ఎట్లా పొసగుతుంది చెప్పండి?

"సార్, ఒక్క పూట ఆపుదాం సార్. కరెంటు పెట్టె ఫిల్టరు పూడుకుపోయింది, అడుగు ట్యాంకు కడగాలె" అని రోజూ దేబిరించేదాన్ని. "నడుస్తున్నది గద బిడ్డా! నడిచేదాన్ని ఆపి రిపేరు చేసుడేంది? ఆగినప్పుడు జూద్దాం తియ్" అనేవాడు. ఆగినప్పుడు చూడడం కాదు సార్, ఆగకుండా చూడడం అని నేను. ఆగకుండనే ఉన్నది గదా అని ఆయన. ఈ వాదనలో నేను ఒక్కసారి కూడా గెలవలేదు. ఇప్పుడు ఆలోచించినా ఎక్కడ గెలవొచ్చో తెలియడం లేదు.

మెషీన్ నడిపేది చమక్ అన్న. ఆ పేరు ఎలా వచ్చిందంటే, ఆయన దృష్టిలో మెయింటెనెన్స్ అంటే తుడవడం. ప్రతి శుక్రవారం పాత బనీను ముక్క పట్టుకుని మెషీన్‌ని పైనుంచి కింది దాకా తుడిచి, బొట్టు పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి కొత్త పెళ్లికూతుర్ని చూసినట్టు చూసుకునేవాడు. "చూడు చెల్లె, ఎట్ల చమక్ మంటున్నదో! ఇగ నీ సర్వీసింగు ఎందుకు?" అనేవాడు. పైన పటారం లోన లొటారం అంటే ఇదే అన్నా అని నేను గొణుక్కునేదాన్ని. లోపల ట్యాంకులో మడ్డి పేరుకుపోయి సోమవారం పొద్దున షెడ్డు తలుపు తీస్తే గుప్పుమని కంపు కొట్టేది. దానికి ఆయన దగ్గర మందుంది. రెండు అగరబత్తులు.

ఎండాకాలం వచ్చింది. రేకుల కింద మనుషులే ఉడికిపోతుంటే మెషీన్ సంగతి చెప్పాలా? మెషీన్ వెనకాల బీరువాలాంటి కరెంటు పెట్టె ఉంటుంది, దాని మెదడంతా అందులోనే. ఆ పెట్టెకు గాలి వెళ్లే ఫిల్టరు పూడుకుపోయింది కాబట్టి మధ్యాహ్నమయ్యేసరికి లోపల వేడెక్కి, తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చి మెషీన్ ఆగిపోయేది. హమ్మయ్య, ఇప్పుడైనా నా మాట వింటారని నేను లోలోపల సంబరపడ్డాను. ఏదీ! చమక్ అన్న పెట్టె తలుపు బార్లా తెరిచి, దాని ముందు హోరుమని తిరిగే ఇంత పెద్ద ఫర్రాటా ఫ్యాను పెట్టాడు. మెషీన్ కాసేపటికి చల్లబడి మళ్లీ నడిచింది. "గింతే గద!" అన్నాడు షురూ సార్. మౌలాలి రోడ్డు మీది దుమ్ము, షెడ్డులోని నూనె ఆవిరి అంతా కలిపి ఆ ఫ్యాను తిన్నగా మెషీన్ మెదడులోకి కొడుతుంటే నేను నెత్తి కొట్టుకున్నాను. ఆ చుట్టుపక్కల ఏ షెడ్డులో చూసినా వెనకాల ఇదే వైభోగం. ఫ్యాను లేని మెషీన్ ఉంటే దాని యజమాని పిసినారి అని అర్థం.

అలా ఉండగా ఒక పెద్ద కంపెనీ వాళ్లు పని ఇస్తామన్నారు. ఇచ్చే ముందు వాళ్ల మనిషి వచ్చి, రోజంతా దగ్గర కూర్చుని మెషీన్ ఎలా నడుస్తుందో చూసి వెళ్తాడట. షురూ సార్ నన్ను పక్కకు పిలిచాడు. "బిడ్డా, వాళ్ల మనిషి ముంగట మిషిన్ ఆగిందనుకో, ఆర్డరు పాయె. ఆర్డరు పోతే నిన్ను పర్మనెంట్ జేసుడు నాతోని గాదు. జెర సూస్కో" అన్నాడు. చూసుకోవడానికి ఆపనివ్వాలి కదా సార్ అన్నాను. "ఆపుడు ఒక్కటి తప్ప ఏమన్న జెయ్" అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. స్కూలు ఆఫీసు కుర్చీ నా ముందు నడుచుకుంటూ వస్తున్నట్టే ఉంది.

ఆ మనిషి రావడానికి ముందు రోజు పొద్దున వెళ్లేసరికి షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. పాత పని అంతకు ముందు సాయంత్రమే అయిపోయింది. కొత్త ఇనుము దిగి ఉంది. మెషీన్ మాత్రం నడవడం లేదు. షురూ సార్ నిచ్చెనెక్కి గేటుకు కొత్త బూడిద గుమ్మడికాయ కడుతున్నాడు. నాకు ఆశ్చర్యం వేసింది. "సార్, షురూ చేయలేదా?" అని అడిగాను. (ఆ మాట నా నోట రావడం అదే మొదటిసారి.)

"ఇయ్యాల అమాస. కొత్త పని షురూ చెయ్యం బిడ్డా. మీకు ఈ పట్టింపులు ఉండయి తియ్" అన్నాడు ఆయన.

అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. నేను చర్చికి పోయే పిల్లనే కానీ బోయిగూడ గల్లీలో పుట్టి పెరిగినదాన్ని, పక్కింటి అమావాస్యలు నాకు తెలియనివా? "సార్, అమాస నాడు కొత్త పని చెయ్యొద్దు సరే. ఉన్నదాన్ని కడుక్కోవచ్చు గదా? మా పక్కింటి పెద్దమ్మ అమాస అంటే ఇల్లంతా కడుగుతది" అన్నాను. షురూ సార్ నిచ్చెన మీదే కాసేపు ఆలోచించాడు. "మా నాయిన కమ్మరి. అమాస నాడు కొలిమి ముట్టిచ్చెటోడు గాదు. సుత్తెలు, పట్టకార్లు అన్ని కడిగి నూనె రాసి పెట్టెటోడు" అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. తర్వాత కిందికి దిగి, "కడుగు" అన్నాడు. ఆ ఒక్క మాట కోసం నేను ఎన్నాళ్లుగా తపస్సు చేస్తున్నానో ఆ దేవుడికే తెలుసు.

ఇంక ఆ రోజు నాదీ చమక్ అన్నదీ అవతారం చూడాలి. ఫర్రాటా ఫ్యానును అవతలికి నెట్టేసి పెట్టెలో దుమ్మంతా బ్రష్షుతో, వాక్యూమ్‌తో తీశాను. ఫిల్టరు కడిగితే నీళ్లు తారులా వచ్చాయి. ఆ తర్వాత అడుగు ట్యాంకు. ఇనుము చెక్కేటప్పుడు వేడెక్కకుండా పైనుంచి తెల్లటి నీళ్లు పోస్తుంటారు. (చూడడానికి పాలలాగే ఉంటాయి, వాసన చూస్తే పాల మీదే విరక్తి పుడుతుంది.) అవన్నీ చేరేది ఆ ట్యాంకులోకి. మూత తీయగానే షురూ సార్ ముక్కు మూసుకుని గేటు దాకా పరుగెత్తాడు. లోపల మడ్డి, ఇనుప చుట్టలు, టీ కప్పులు, ఒక చెప్పు, చివరికి ఒక స్టీలు టిఫిన్ డబ్బా మూత. దాన్ని చూసి చమక్ అన్న కళ్లు పెద్దవి చేశాడు. "చెల్లె! ఈ మూత కోసం మా ఇంట్ల ఎంత లొల్లి అయిందో తెల్సా? మా అక్కకు ఇచ్చిన్నని నా పెండ్లాం ఇప్పటికీ నాతోని సరిగ మాట్లాడదు!" అని దాన్ని కడిగి, అలవాటు కొద్దీ చమక్‌మనేదాకా తుడిచి, చొక్కా లోపల దాచుకున్నాడు. ఆ క్షణం నుంచి ఆయన నా పార్టీ.

సాయంత్రానికి అంతా బిగించాం. పెట్టె తలుపు మూసి తాళం వేశాను. ఒక్కసారి ఆన్ చేసి చూద్దాం సార్ అన్నాను. "అమాస ఉండంగ షురూనా? రేపు పొద్దుగాల" అన్నాడు ఆయన. బతిమాలాను, వినలేదు. ఎన్ని భాగాలు విప్పానో అన్నీ కళ్ల ముందు తిరుగుతుంటే ఆ రాత్రి అన్నం సయించలేదు. ఒక బోల్టు మిగిలిపోయిందేమో అని నా బ్యాగు కూడా వెతుక్కున్నాను.

పొద్దున నేను వెళ్లేసరికే కంపెనీ మనిషి వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చమక్ అన్న దండం పెట్టుకుని స్విచ్ వేశాడు. నేనూ కళ్లు మూసుకుని నాకు తెలిసిన ప్రార్థన చేసుకున్నాను. మెషీన్ లేచింది. మెల్లగా, ఏ మూలుగూ లేకుండా పని మొదలుపెట్టింది. మధ్యాహ్నమైంది, రేకులు కాలిపోతున్నాయి, నా చూపు ఆ తెర మీద నుంచి కదలడం లేదు. ఎర్ర అక్షరాలు రాలేదు. సాయంత్రం దాకా రాలేదు. లేచి వెళ్లబోతూ కంపెనీ మనిషి మెయింటెనెన్స్ ఎప్పుడెప్పుడు చేస్తారని అడిగాడు. షురూ సార్ ఛాతీ విరుచుకుని "ప్రతి అమాసకు" అన్నాడు. కంపెనీ మనిషి బిత్తరపోయి నా వైపు చూశాడు. నెలకోసారి సార్ అన్నాను. భేష్ అన్నాడు. ఆర్డరు వచ్చింది.

ఆ తర్వాత అమావాస్య వస్తే చాలు, మా షెడ్డులో సర్వీసింగు పండగ. మెషీన్ ఆగడం అనేదే మరిచిపోయింది. నా అంత మొనగత్తె లేదని నేను గాల్లో తేలుతుండగా ట్రైనింగు పూర్తయింది. షురూ సార్ మిఠాయి పెట్టి మరీ చెప్పాడు. "బిడ్డా, నీ దయ వల్ల మిషిన్ ఆగుతనే లేదు. ఇగ రోజు వచ్చి నువ్వు సుత ఏం జేస్తవ్? అమాసకు అమాసకు రా, సాలు."

నోట్లో మిఠాయి నోట్లోనే ఉండిపోయింది. పాడైపోతే నా తప్పు, పాడవకపోతే నేను అనవసరం! ఇదెక్కడి న్యాయం? కోపం, ఏడుపు కలిసి వచ్చాయి, ఏదీ సరిగ్గా బయటికి రాలేదు. తల ఊపి వచ్చేశాను. అమ్మ మాట మాటే. ఆ వారమే స్కూలు ఆఫీసు కుర్చీలో కూర్చున్నాను. పక్కన ఫ్యాను, ముందు టేబులు, మధ్యాహ్నం ఇంట్లో భోజనం. తింటున్నాను కానీ రుచి తెలిసేది కాదు. పిల్లల పేర్లు తారుమారు రాసేదాన్ని. ఆఫీసు గోడ మీద క్యాలెండరులో మాత్రం అమావాస్య ఎప్పుడో చటుక్కున చెప్పేదాన్ని.

ఆ రోజుకు సెలవు అడిగేదాన్ని. ప్రతి నెలా. మా హెడ్మిస్ట్రెస్ మేడమ్ భక్తిపరురాలు, గట్టి మనిషి. ఒకరోజు లోపలికి పిలిచి తలుపు దగ్గరికి వేయించింది. "అమ్మాయీ, ప్రతి అమావాస్యకూ ఎక్కడికి వెళ్తున్నావు? దాచకుండా చెప్పు."

"మౌలాలి అవతల షెడ్డుకు మేడమ్."

"అక్కడ ఏం చేస్తారు?"

"అన్నీ ఆపేసి కడుగుతాం మేడమ్. తర్వాత నూనె పోస్తాం."

"గుమ్మడికాయ కూడా ఉంటుందా?"

"అది సార్ కడతారు మేడమ్."

మేడమ్ కళ్లు మూసుకుని నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది. నేను విప్పి చెప్పాలని నోరు తెరిచినప్పుడల్లా ఆమె గొంతు పెంచేది. ఇంటికెళ్తే, మేడమ్ అప్పటికే చెప్పేసినట్టుంది, అమ్మ మొహం కూడా పాలిపోయి ఉంది. ఇనుము చెక్కే మెషీన్‌కి సర్వీసింగేనమ్మా అంటే, "మెషీన్‌కి అమావాస్య ఏంటే? నాకు చెవిలో పువ్వు పెట్టకు" అంది. నిజమే, ఆమె స్థానంలో నేనున్నా నమ్మను.

మరుసటి అమావాస్య నాడు నేను మెషీన్ వెనకాల పెట్టెలో తల దూర్చి, ఫిల్టరు బిగిస్తూ, క్రిస్మస్ పాటేదో కూనిరాగం తీస్తున్నాను. చమక్ అన్న టార్చి పట్టుకున్నాడు. గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడైంది. తల బయటికి తీసి చూస్తే గుమ్మడికాయ కింద హెడ్మిస్ట్రెస్ మేడమ్, చేతిలో బైబిలు. ఆమె వెనకాల తెల్ల చీర కట్టుకుని అమ్మ. షురూ సార్ కంగారుగా కుర్చీలు తుడుస్తూ "రాండ్రి మేడమ్, కూసోండ్రి" అంటున్నాడు. మేడమ్ షెడ్డంతా కలయజూసింది. విప్పిన ఫిల్టరు చూసింది, ట్యాంకు వాసన చూసింది. దెయ్యమైనా ఈ కంపు భరించి ఇక్కడ ఉండదని తేలిపోయిందేమో, బైబిలు మెల్లగా బ్యాగులో పెట్టుకుంది.

అమ్మ మాత్రం ఏదీ చూడలేదు. నన్నే చూస్తోంది. దగ్గరికొచ్చి, "పాడుతున్నావా?" అంది. "ఆఫీసులో కూర్చోబెట్టినప్పటి నుంచీ నీ నోట పాట వినలేదే తల్లీ" అంది. నాకు కళ్లు నిండాయి. తుడుచుకుందామంటే చేతుల నిండా మడ్డి.

అమ్మ షురూ సార్ వైపు తిరిగింది. స్కూల్లో వెనక బెంచీ పిల్లల్ని నిలబెట్టే గొంతుతో, "అయ్యా, మా అమ్మాయిని రోజూ ఎందుకు రానివ్వడం లేదు?" అని అడిగింది.

"మిషిన్ ఆగుతలేదు గదమ్మా. ఆగకుంటే పనేముంటది?"

"మీ ఇంట్లో ఎవరికీ జబ్బు రాలేదని, అన్నం వండే మనిషిని మాన్పించేస్తారా?"

చమక్ అన్న టార్చి ఆర్పి, "అమ్మ జెప్పింది కరెక్టే సార్. మిషిన్‌కు నూనె అమాస ఒక్కనాడేనా? రోజు సూడాలె. నాతోనైతే తుడుసుడు ఒక్కటే అయితది" అన్నాడు. మేడమ్ కూడా గొంతు సవరించుకుంది. "మీరు తీసుకుంటే మా హాజరు పట్టీలు కూడా బాగుపడతాయి" అంది. షురూ సార్ ఒకసారి మెషీన్‌ని, ఒకసారి అమ్మని చూసి పెద్దగా నవ్వాడు. "రేపటిసంది రోజు రా బిడ్డా. పర్మనెంటే. ఇయ్యాల అమాస, కాయితం రేపు రాస్తా" అన్నాడు.

ఆటోలో మేడమ్ ముందే దిగిపోయింది. బోయిగూడ దాకా అమ్మ నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకునే కూర్చుంది. మడ్డి అంటుతుందమ్మా అంటే వినలేదు. ఆ తెల్ల చీర మీద నా అయిదు వేళ్ల మరక ఎన్ని సబ్బులు పెట్టినా పోలేదు. అమ్మ ఆ చీరే కట్టుకుని చర్చికి వెళ్లేది. ఎవరైనా మరకేంటని అడిగితే, మా పిల్ల మెషీన్లు బాగు చేస్తుందిలెండి అని అడగనిది కూడా కలిపి చెప్పేది.

ఇప్పుడు నేను పెద్ద ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ మేనేజర్ని. ఏ మెషీన్ ఎప్పుడు ఆపాలో కంప్యూటరే చెబుతుంది, నేను ఫోన్లో ఒక్క మాట చెబితే ఆపుతారు. ఎవరితోనూ వాదించక్కర్లేదు. ఒక పూట ఆపండి సార్ అని కాళ్లావేళ్లా పడ్డ ఆ పిల్ల గుర్తొస్తే నవ్వూ వస్తుంది, ఎందుకో కాస్త అసూయ కూడా వేస్తుంది. మొన్న ఆదివారం భోజనాల దగ్గర అమ్మ నా కంచంలో కూర వేస్తూ ఆగిపోయింది. నా అరచేతులు రెండూ అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏంటే, ఇంత తెల్లగా ఉన్నాయి? పని చేయడం మానేశావా?" అని అడిగింది.